ఊరూరా షికారు: రాజమహేంద్రవరంలో పాత పేటలు



పోయిన నెల మనం గ్రీసు దేశం వెళ్ళి, ఏథెన్సు నగరంలో ప్లాకా అనే పాత పేటంతా కాలినడకన తిరిగి వచ్చాము. జ్ఞాపకం ఉన్నది కదూ? ఎత్తయిన గుట్ట మీద పాలరాతి గుడి, గుట్ట పాదాన ఇరుకు సందులు, మెట్లు, పూలకుండీలు పెట్టిన కిటికీలు. అనఫీ అనే చిన్న దీవి నుంచి రాజుగారి మేడ కట్టటానికి వచ్చిన తాపీ పనివాళ్ళు, తమ దీవిలోని ఇళ్ళలాంటివే ఆ గుట్ట వాలున కట్టుకున్నారని కూడా చెప్పాను.

ఆ షికారు చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. వాటిలో ఒకటి రాజమండ్రి నుంచి ఆరో తరగతి చదివే కుర్రవాడు రాసినది. దానిలో కొంత ఇక్కడ ఇస్తున్నాను.

"మామయ్యగారికి నమస్కారములు. మీరు పాత పేట చూడటానికి అంత దూరం ఎందుకు వెళ్ళారండీ? మాదీ పాత ఊరే అని మా మాస్టారు చెప్పారు. కాని ఇక్కడ చూడటానికి ఏమీ లేదు. అన్నీ దుకాణాలే. మా తాతగారి ఇల్లు మాత్రం చాలా పాతది. వేసవి సెలవులలో దాన్ని పడగొట్టి మేడ కడతారట. ఆలోపల మీరు వస్తే చూపిస్తాను. మా మామ్మ జంతికలు చేస్తానన్నది."

ఇక ఆగుతానా? మరుసటి ఆదివారమే బయలుదేరాను. జంతికల కోసం కాదు సుమా! సరే, జంతికల కోసం కూడాను.

తెల్లవారుతుండగా గోదావరి స్టేషనులో దిగాను. రాజమండ్రికి రెండు స్టేషన్లు. పెద్దది ఊరికి అటువైపు ఉన్నది. ఈ చిన్నది గోదావరికి దగ్గరగా, పాత ఊళ్ళోకి పోవటానికి అనువుగా ఉంటుంది. కుర్రవాడు అప్పటికే చేతిసంచీ తగిలించుకుని ప్లాటుఫారం మీద నిలబడి ఉన్నాడు. సంచీలో ఒక నోటుబుక్కు, పెన్సిలు, కొలతల టేపు ఉన్నవి. టేపు ఎందుకని అడిగితే, "మీరు ఏదైనా కొలవమంటారేమోనని" అన్నాడు. నాకు అప్పుడే వాడు నచ్చాడు.

పదండి, ముందు గట్టు ఎక్కుదాము.

గట్టు మీద నిలబడితే గోదావరి ఎంత వెడల్పో తెలుస్తుంది. అవతలి ఒడ్డున ఉన్నది కొవ్వూరు. ఎక్కడో మహారాష్ట్రలో, నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, 1,465 కిలోమీటర్లు నడిచే నది ఇది. ఇక్కడికి వచ్చేసరికి రెండున్నర కిలోమీటర్లకు మించిన వెడల్పు. కొంచెం దిగువన ధవళేశ్వరం వద్ద ఆనకట్ట దాటి, పాయలుగా చీలి సముద్రానికి పోతుంది.

నీటి మీద వంతెనలు కనబడుతున్నవి చూడండి. అన్నిటిలోకి పెద్దది వయసులో హావెలాక్ వంతెన. 1897లో పని మొదలుపెట్టి, 1900లో దానిమీద రైళ్ళు నడిపారు. అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి పెట్టారు. అంతకు పూర్వం మద్రాసు నుంచి కలకత్తా పోయే మనిషి ఇక్కడ గోదావరిని పడవ మీద దాటవలసిందే.

దానికి 56 ఖానాలు. ఒక్కొక్కటి సుమారు 150 అడుగులు. అయితే నీళ్ళలో నిలబడిన స్తంభాలు ఎన్ని? కుర్రవాడు వెంటనే "56" అన్నాడు. మీరు కూడా అదే అన్నారా? తొందరపడకండి. అయిదు వేళ్ళ మధ్య సందులు నాలుగే కదా! అలాగే రెండు చివరలా ఒడ్డు ఉన్నది కనుక, 56 ఖానాల మధ్య స్తంభాలు 55.

ఇసుకలో అంత బరువును నిలబెట్టటం ఎలాగ? మన దేశపు ఇసుక నదులలో వాడే ఉపాయం చెబుతాను. నదిలో నీరు తగ్గిన రోజులలో ఇసుక మీద గుండ్రంగా, బావి ఒరలాగా ఒక గోడ కడతారు. తరువాత దాని లోపలి ఇసుకను తోడివేస్తారు. కింద ఆధారం పోవటంతో ఆ ఒర తన బరువుకు తానే కిందికి దిగుతుంది. పైన మరికొంత కడతారు, లోపల మరికొంత తోడతారు. ఇలా దించుకుంటూ పోయి, గట్టి నేల తగిలాక లోపల కాంక్రీటు నింపి మూసివేస్తారు. దానిమీద స్తంభం లేపుతారు. మీరు ఈసారి ఇసుకలో ఆడుకునేటప్పుడు రెండు వైపులా తెరిచిన డబ్బాతో చేసి చూడండి. చెంచాతో లోపలి ఇసుక తీసేకొద్దీ డబ్బా దిగిపోతుంది. ఒకవైపే తోడితే వంకరగా దిగుతుంది. అసలు పనిలో ఇంజనీర్లకు నిద్ర పట్టకుండా చేసేది ఆ వంకరే.

హావెలాక్ వంతెన మీద రైళ్ళు 1997లో ఆగిపోయినవి. కింద రైలు, పైన బస్సు నడిచే పెద్ద వంతెన 1974లోనే వచ్చింది. విల్లులు వరసగా పేర్చినట్టు కనబడే కాంక్రీటు వంతెన మీద 1997 నుంచి రైళ్ళు నడుస్తున్నవి. బొమ్మలలో మీరు చూసేది ఎక్కువగా ఆ విల్లుల వంతెననే. అందం దానిదే, కాదనను. కాని నాకు ఆ పాత ఇనుప వంతెన అంటేనే ఇష్టం. నా చిన్నతనంలో రైలు దానిమీదికి ఎక్కగానే పెట్టెలో అందరూ మాటలు ఆపేసేవారు. పెద్దలు కిటికీ లోంచి గోదావరిలోకి కాసులు విసిరేవారు. ఇనుప దూలాలకు తగిలి ఖంగుమన్న కాసు నీళ్ళలో పడిందో లేదో తెలిసేది కాదు.

గట్టు వెంట నడిస్తే పుష్కరాల రేవు, మార్కండేయస్వామి గుడి వస్తవి. పన్నెండేళ్ళకు ఒకసారి గోదావరికి పుష్కరాలు. 2003లో వచ్చినవి, 2015లో వచ్చినవి. 2015 జులై 14న, పుష్కరాల మొదటి రోజున, ఈ రేవులో తొక్కిసలాట జరిగి ఇరవైమందికి పైగా ప్రాణాలు పోయినవి. స్నానానికి వచ్చినవారు నీళ్ళలో కాదు, మెట్ల దగ్గర నలిగిపోయారు. రేవంతా ఖాళీగా ఉన్న ఈ పొద్దుటిపూట ఆ సంగతి నమ్మటం కష్టం. కుర్రవాడు అప్పటికి పుట్టలేదు. వాడి మామ్మగారు మాత్రం ఆనాడు ఇంటి గుమ్మం దాటలేదట. "గోదావరి రేపూ ఉంటుంది" అన్నదట ఆవిడ.

ఇప్పుడు గట్టు దిగి ఊళ్ళోకి పోదాము. ఇక్కడినుంచి నేను మీకు ఒక ఆట నేర్పుతాను. పాత ఊరికి పోయినప్పుడు కళ్ళతో చూసినది చాలదు. పేర్లు వినాలి. గోడలు కూలిపోతవి, పేర్లు అంత తొందరగా కూలవు.

ఇది కోటగుమ్మం. కోట ఏది? గుమ్మం ఏది? గుమ్మం లేదు. జనం, ఆటోలు, బండ్లు, దుకాణాలు ఉన్నవి. ఒకప్పుడు ఇక్కడ కోట ఉండేది, దానికి ఇక్కడ ద్వారం ఉండేది అని చెప్పటానికి ఆ పేరు ఒక్కటే కాపలా కాస్తున్నది. తాడితోటలో తాళ్ళు వెతకకండి. ఉల్లితోటలో ఉల్లిపాయలు తవ్వకండి. మంగళవారపుపేట, లక్ష్మీవారపుపేట అని రెండున్నవి. లక్ష్మీవారం అంటే గురువారమని గోదావరి పిల్లలకు నేను చెప్పనక్కరలేదు, మిగిలినవారికి చెబుతున్నాను. ఏ వారం ఎక్కడ సంత జరిగేదో ఆ పేర్లు చెప్పకనే చెబుతున్నవి. ఇన్నీసుపేట పేరులో ఒక తెల్లదొర దాగి ఉన్నాడు. నల్లమందు సందు అని ఒకటి ఉన్నది. నల్లమందును సర్కారు లైసెన్సు మీద బహిరంగంగా అమ్మిన కాలం ఒకటి ఉండేది మరి! ఆ సందులో ఇప్పుడు ఏమి అమ్ముతారో కుర్రవాడు చదువుతూ పోయాడు. గాజులు, రిబ్బన్లు, బొత్తాములు.

ఊరి పేరు సంగతో? రాజమహేంద్రవరం. జనం నోట అరిగి రాజమండ్రి అయింది. ఇంగ్లీషువాళ్ళ నోట ఇంకోరకంగా అయింది. 2015లో సర్కారు మళ్ళీ పాత పేరే ఖాయం చేసింది. ఈ రాజమహేంద్రుడు ఎవరంటే రెండు మాటలున్నవి. తూర్పు చాళుక్యులలో మొదటి అమ్మరాజుకు రాజమహేంద్రుడనే బిరుదు ఉండేదనీ, ఆయన పేరే ఊరికి వచ్చిందనీ ఒక మాట. కాదు, రాజరాజ నరేంద్రుడి వల్లనే వచ్చిందని ఇంకొక మాట.

రాజరాజ నరేంద్రుడు మీకు తెలుసు. ఆయన 1022లో పట్టాభిషేకం చేసుకున్నాడు. ఆయన అడగగానే నన్నయభట్టు మహాభారతాన్ని తెలుగులో రాయటం మొదలుపెట్టాడు. ఆది పర్వం, సభా పర్వం పూర్తి అయినవి. అరణ్య పర్వం సగంలో ఆగింది. నన్నయకు నారాయణభట్టు అనే స్నేహితుడు సాయపడ్డాడు. ఆ నారాయణభట్టుకు రాజుగారు నందంపూడి అనే ఊరు దానమిచ్చారు. దానికి రాగిరేకుల మీద శాసనం రాయించారు. ఆ శాసనం రాసినది నన్నయే! స్నేహితుడికి ఊరు వచ్చినప్పుడు దస్తావేజు తానే రాసిపెట్టిన కవి అన్నమాట. ఆ పట్టాభిషేకానికి తొమ్మిదివందల ఏళ్ళు నిండినప్పుడు, 1922లో, ఈ ఊళ్ళోనే పండితులు కూడి చరిత్ర పరిశోధనకు ఒక సంఘం పెట్టుకున్నారు. మనకు తెలిసినదానిలో చాలా భాగం అలాటివారు రాగిరేకులు, రాళ్ళు ఓపికగా చదివిపెట్టినదే.

ఆ చదువు ఎందుకు పనికివస్తుందో చూడండి. కుర్రవాడు నన్ను ఆపి, "మామయ్యగారూ, చిత్రాంగి మేడ చూస్తారా? సారంగధరుడి పావురం అక్కడే వాలిందట" అన్నాడు. ఈ కథ గోదావరి పొడుగునా అందరికీ వచ్చు. రాజరాజ నరేంద్రుడి కొడుకు సారంగధరుడు పావురాన్ని ఎగరవేశాడు. అది సవతి తల్లి చిత్రాంగి మేడ మీద వాలింది. దాన్ని పట్టుకునేందుకు వెళ్ళినవాడి మీద ఆవిడ లేనిపోని నేరం మోపింది. రాజు నిజం విచారించకుండా కొడుకు కాళ్ళూ చేతులూ నరికించాడు. ఆ చోటు ఇదేనంటూ సారంగధర మెట్ట కూడా చూపిస్తారు.

మరి శాసనాలు ఏమంటున్నవి? రాజరాజ నరేంద్రుడికి రాజేంద్రుడనే కొడుకు ఉన్నాడు. అతడే తరువాత కులోత్తుంగ చోళుడు అనే పేరుతో చోళదేశాన్ని కూడా ఏలాడు. సారంగధరుడు అనే కొడుకు జాడ ఎక్కడా లేదు. అంటే నాటకాలలో, పాటలలో ఇన్ని వందల ఏళ్ళుగా కొడుకును నరికించిన పాపం ఆ రాజు మోస్తున్నాడు, ఆ కొడుకే లేకపోయినా! కుర్రవాడు కొంచెం నొచ్చుకున్నాడు. "అయితే పావురం కూడా అబద్ధమేనా?" అన్నాడు. పావురాలు మాత్రం ఇప్పటికీ ఉన్నవి. పాత మేడల చూరుల మీద ఎన్ని ఉన్నవో లెక్క పెట్టలేకపోయాము.

పాత పేటలోని పెద్ద మసీదు దగ్గర కాసేపు ఆగండి. దాని గుమ్మం మీద పారశీక భాషలో ఒక శాసనం ఉన్నది. దాని కాలం 1324. అప్పటికి ఒక సంవత్సరం కిందటనే ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుఘ్ ఖాను ఓరుగల్లును పట్టుకున్నాడు. ప్రతాపరుద్రుడి రాజ్యం పోయింది. మన పాఠంలో "కాకతీయ సామ్రాజ్యం అంతరించెను" అని ఒక్క ముక్కలో ఉంటుంది. ఆ ముక్క గోదావరి ఒడ్డుకు చేరిన సంవత్సరం ఈ రాతి మీద ఉన్నది. కుర్రవాడు రోజూ ఈ దారినే బడికి పోతాడు. ఆ రాయి ఉన్న సంగతి ఎన్నడూ ఎరగడట. నేనూ నా చిన్నతనంలో మా ఊళ్ళో శాసనస్తంభానికి ఆనించి సైకిలు పెట్టేవాణ్ణి. కనుక వాణ్ణి ఏమీ అనలేదు.

ఎండ ఎక్కింది. కోటగుమ్మం వైపు తిరిగివచ్చి చల్లటి గులాబీ పాలు తాగాము. ఈ ఊరికి వచ్చి అది తాగకుండా పోకూడదని కుర్రవాడి తీర్పు. రెండోది కూడా తాగుదామన్నాడు. నేను ఒప్పుకోలేదు, మామ్మగారి జంతికలు ఉన్నవి కదా!

ఇక మనం చూడవలసినది కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు. దీన్ని జ్ఞాపక చిహ్నంగా ఉంచారు. ఇక్కడ తొందరపడవద్దు.

పంతులుగారు ఈ ఊళ్ళోనే 1848లో పుట్టారు. బళ్ళో తెలుగు చెప్పేవారు. 1874లో 'వివేకవర్ధని' అనే పత్రిక పెట్టారు. ఈ ఊళ్ళో టౌనుహాలు కట్టించినది కూడా ఆయనే. ఆయన రాసిన పుస్తకాలు ఒక బీరువా నిండుతవి. కాని ఈ ఇంట్లో నిలబడినప్పుడు నాకు పుస్తకాలు జ్ఞాపకం రావు. 1881 డిసెంబరు 11వ తేదీ జ్ఞాపకం వస్తుంది.

ఆ కాలంలో చాలా ఇళ్ళలో ఆడపిల్లలకు మీ ఈడు రాకముందే పెళ్ళి చేసేవారు. ఆ పెళ్ళికొడుకు జబ్బు చేసి పోతే, పెళ్ళి అంటే ఏమిటో తెలియని పిల్ల విధవ అయ్యేది. తల గొరిగించేవారు. మంచి బట్ట కట్టనిచ్చేవారు కారు. పేరంటానికి పిలిచేవారు కారు. జీవితమంతా ఒక మూల గడపవలసిందే. అటువంటి పిల్లకు మళ్ళీ పెళ్ళి చేయవచ్చునని 1856లోనే చట్టం వచ్చింది. వంగదేశంలో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పోరాడి తెప్పించాడు. కాని చట్టం కాగితం మీద ఉన్నది. పాతికేళ్ళు గడిచినా, తెలుగుదేశంలో పీటల మీద కూర్చోబెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పంతులుగారు ఆ పని చేశారు. ఇంట్లోనే పెళ్ళి జరిపించారు. ఊరు ఊరంతా అట్టుడికిపోయింది. పురోహితులు రామన్నారు. వంటవాళ్ళు రామన్నారు. వెళ్ళినవాళ్ళను వెలివేస్తామని బెదిరించారు. పంతులుగారి దగ్గర చదువుకునే కుర్రవాళ్ళు కొందరు వచ్చి ఇంటికి కాపలా కాశారు. వాళ్ళు మీ అన్నయ్యల ఈడువాళ్ళు. మాస్టారు పాఠంలో చెప్పినదాన్ని నిజమని నమ్మినందుకు వాళ్ళకు ఇళ్ళలో ఎన్ని దెబ్బలు తిట్లు పడ్డవో ఊహించండి. కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సాయం చేశారు.

మరి నీళ్ళో? అప్పుడు కుళాయిలు లేవు. గోదావరి నుంచి నీళ్ళు మోసి తెచ్చేవాళ్ళు మానుకుంటే ఇంట్లో గుక్కెడు నీళ్ళుండవు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు బిందె తీసుకుని తానే గోదావరికి వెళ్ళారు. వంట తానే చేశారు. ఆ రోజులలో ఆ ఇంటి ఇల్లాలు అలా వీధిని బిందెతో నడవటమంటే ఎన్ని కిటికీల వెనక నుంచి ఎన్ని మాటలు పడి ఉంటవో! చరిత్ర పుస్తకాలలో పంతులుగారి ఉపన్యాసాలే ఎక్కువగా ఉంటవి. నాకు ఆ బిందెల బరువు ఎక్కువనిపిస్తుంది. మనం ఇందాక గోదావరి గట్టు దిగి వచ్చాము కదా, ఆ నడక మళ్ళీ ఒకసారి మనసులో నడవండి. తల మీద నీళ్ళతో.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆనాటి పెళ్ళికూతురికి పన్నెండేళ్ళు. ఇవాళ్టి చట్టం ప్రకారం ఆడపిల్లకు పద్దెనిమిది నిండందే పెళ్ళి కూడదు. అంటే ఆ కాలంలో అంత సాహసం అనిపించిన పెళ్ళి ఇవాళ జరిగితే పోలీసులు వచ్చి ఆపుతారు. కుర్రవాడు చాలాసేపు ఆలోచించి, "మా చెల్లెలికి పదకొండు" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

దామెర్ల రామారావుగారి చిత్రశాల కూడా ఈ ఊళ్ళోనే ఉన్నది. ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే 1925లో మశూచికంతో పోయిన చిత్రకారుడు ఆయన. గౌతమీ గ్రంథాలయం ఉన్నది, 1898 నాటిది. తాటాకు పుస్తకాలు చూడాలంటే అక్కడికి పోవాలి. ఆ రెండూ ఒక్కొక్కటి ఒక పూట పని. ఇవాళ వద్దు. మామ్మగారు ఎదురుచూస్తున్నారు.

కుర్రవాడి ఇల్లు సందులో ఉన్నది. మండువా లోగిలి. వీధివైపు రెండు అరుగులు. వెనకటి రోజుల్లో దారినపోయేవాళ్ళు ఎవరినీ అడగకుండా కూర్చుని, చెంబెడు మంచినీళ్ళు అడిగి తాగి పోయేందుకు కట్టినవి అవి. ఇప్పుడు ఒక అరుగు మీద స్కూటరు ఎక్కించి పెట్టారు. లోపల నడిమధ్య ఆకాశం కనబడేటట్టు చదరంగా ఖాళీ, చుట్టూ వసారా, పైన పెంకులు. బయట చెమట కారుతుంటే, లోపల హాయిగా ఉన్నది. కారణం మంత్రం కాదు. వేడెక్కిన గాలి తేలికై, మండువా గుండా పైకి పోతుంది. దాని స్థానంలోకి వీధి గుమ్మం నుంచి, పెరటి గుమ్మం నుంచి గాలి లాగుకు వస్తుంది. గోడలు రెండడుగుల మందం ఉన్నవి. (కుర్రవాడి టేపు పనికివచ్చింది. సరిగా చెప్పాలంటే ఒక అడుగూ పదకొండు అంగుళాలు.) పగటి ఎండ ఆ గోడ దాటి లోపలికి వచ్చేసరికి చీకటి పడిపోతుంది.

తాతగారు గోడకు పగిలిన చోటు చూపించారు. లోపల సిమెంటు లేదు. సున్నం. "గానుగ సున్నం బాబూ! ఎద్దు చేత తొక్కించి రుబ్బించినది" అన్నారు. ఈ సున్నం కథ వినండి. సముద్రపు ఒడ్డున దొరికే గుల్లలను కాలిస్తే వాటిలోని బొగ్గుపులుసు గాలి ఎగిరిపోయి సున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతుంది. దాన్ని ఇసుకతో రుబ్బి గోడ కడతారు. అది కట్టిన రోజు నుంచి గాలిలోని బొగ్గుపులుసు గాలిని కొంచెం కొంచెంగా పీల్చుకుని, ఏళ్ళ తరబడి గట్టిపడుతుంది. చివరకు మళ్ళీ మొదట గుల్లలో ఉన్న పదార్థమే అవుతుంది! అంటే ఈ గోడ ఒకప్పుడు సముద్రంలో నత్తల ఇల్లు. పోయిన నెల మనం చూసిన ఏథెన్సు పాలరాయి కూడా అదే పదార్థం. కార్ల పొగలోని గంధకం వాన నీటితో కలిసి ఆ పాలరాతిని తినివేస్తున్నదని చెప్పాను కదా. పొగ ఈ గోడనూ అలాగే తింటుంది. దానికి గ్రీకు గోడ, తెలుగు గోడ అని తేడా తెలియదు.

"ఇంత మంచి ఇల్లు ఎందుకు పడగొడుతున్నారండీ?" అని నేను తాతగారిని అడిగాను. ఆయన కోపపడలేదు. "పై పెంకు నేయటానికి మనిషి దొరకడు. వాన వస్తే పదకొండు చోట్ల గిన్నెలు పెడతాము. నలుగురు అన్నదమ్ముల వాటాలు. నా మోకాళ్ళకు ఈ గడపలు పనికిరావు. మీరు వచ్చి చూసి బాగున్నదంటారు, గిన్నెలు తిప్పేది మా ఆవిడ" అన్నారు. నాకు జవాబు తోచలేదు.

ఏథెన్సులో కూడా ఈ చిక్కే వచ్చింది. ప్రాచీన నగరపు సంత బయలు నేల కింద ఉన్నదని తెలిసి, 1931 నుంచి అక్కడ తవ్వారు. తవ్వాలంటే దానిపై కట్టుకున్న ఇళ్ళు పోవాలి. వందలకొద్దీ ఇళ్ళు కొని పడగొట్టారు. రెండువేల ఏళ్ళ నాటి ఊరు బయటపడింది. నూరేళ్ళ నాటి పేట మాయమయింది. అది మంచిదే అంటారు చాలామంది. ఆ ఇళ్ళలో పుట్టినవాళ్ళు ఏమన్నారో నేను చదవలేదు.

మామ్మగారు జంతికల పళ్ళెం తెచ్చి నడవ గుమ్మం దగ్గర పెట్టారు. అప్పుడు చూశాను. టేకు ద్వారబంధం మీద కత్తిమొనతో గీసిన గీతలు, కింద నుంచి పైదాకా. పక్కన పేర్లు, కొన్నిటికి సంవత్సరాలు. అన్నిటిలోకి కింద ఉన్న గీత తాతగారి మేనత్తదట, ఆవిడ నాలుగేళ్ళప్పటిది. తాతగారివి ఏడు, కుర్రవాడి నాన్నవి అయిదు ఉన్నవి. ఉగాదినాడు కొత్త బట్టలు కట్టించి, గోడకు ఆనించి నిలబెట్టి గీసేవారట.

"దీన్ని కలపదుకాణంవాడు అడిగాడు. మంచి ధర ఇస్తానన్నాడు" అన్నారు తాతగారు.

మామ్మగారు ఆ మాటకు బదులు చెప్పలేదు. "ఏదీ, ఆ టేపు ఇటు ఇయ్యి" అని మనవడి చేతిలోది తీసుకున్నారు. ద్వారబంధం ఎత్తు కొలిచారు, వెడల్పు కొలిచారు. కుర్రవాడు నోటుబుక్కులో రాశాడు. ఆరడుగుల ఒక అంగుళం, మూడడుగుల రెండు అంగుళాలు. తరువాత ఆవిడ అలమర లోంచి కొత్త మేడ పటం తీసి, తాతగారి ఒళ్ళో పెట్టి, "మీ పూజగది గుమ్మం ఎంత వేశాడో చూడండి" అన్నారు.

తాతగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. పటంలో ఏడడుగులు ఉన్నది. "తల తగులుతుంది. మేస్త్రీ ఒప్పుకోడు" అన్నారు.

"వంగి వెళ్ళండి. దేవుడి గదే కదా!" అన్నారు మామ్మగారు.

నేను బయలుదేరేసరికి మేస్త్రీకి కబురు వెళ్ళింది. అతడు ఏమన్నాడో ఇంకా తెలియదు. కుర్రవాడు ఉత్తరం రాస్తానన్నాడు, రాగానే మీకు చెబుతాను. అన్నట్టు, వాడి గీత ఈ సంవత్సరానిది ఇంకా గీయలేదట. నా ఎదుటనే గీశారు. పోయినదానికంటే రెండు అంగుళాలు పైన పడింది.

మీ ఇంట్లో, మీ తాతగారి ఇంట్లో ఇటువంటి గీతలు, పేర్లు, రాళ్ళు ఏమైనా ఉంటే కొలిచి, బొమ్మ వేసి పంపండి. ఎవరి వీధి పేరు ఎందుకు వచ్చిందో పెద్దలను అడిగి రాయండి. బాగున్నవాటిని అచ్చు వేస్తాము.

వచ్చే నెల ధవళేశ్వరం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట దగ్గర వరద నీటిని ఎలా కొలుస్తారో చూద్దాము. గొడుగులు తెచ్చుకోండి.